చివర నలభై ఏడు

ఫిబ్రవరి 24, మంగళవారం

కొత్త ఫోన్‌లోకి అన్నీ వచ్చేశాయి, ఒక్కటి తప్ప. నా మెసేజ్‌ల ఖాతా తెరుచుకోవడం లేదు. పాస్‌వర్డ్ కొట్టాను, ఒప్పుకుంది. తిరకాసంతా ఆ తర్వాతే. "ఇది మీరేనని రూఢి చేసుకోవాలి. చివర 47 ఉన్న నంబరుకి కోడ్ పంపాం" అంది.

చివర నలభై ఏడా! ఆ లైను వాడడం ఎప్పుడో మానేశాను. ఇంకో కంపెనీవాళ్లు నెట్ ధారాళంగా ఇస్తున్నారంటే మా కిసుము పట్నంలో సగం మందితో పాటు నేనూ మారాను. ఆ సిమ్ము ఏ చెత్తబుట్టలో పోయిందో దేవుడికెరుక. అందరికీ కొత్త నంబరు చెప్పాను గానీ ఖాతాకి కూడా చెప్పాలని తట్టలేదు. రెండంచెల తాళం పెట్టుకోమన్నది నన్ను చేసుకోబోయే ఒడెరోనే. "నీ ఫోన్ ఎవడు కొట్టేసినా ఖాతాలోకి రాలేడు" అన్నాడు. నిజమే. నేను కూడా రాలేకపోతున్నాను.

పాత ఫోన్‌లో ఎప్పుడూ తెరిచే ఉండేది. దాన్ని ఆదివారం ఊరికి పట్టుకెళ్లి అమ్మకిచ్చేశాను. కూతురు కొత్తది కొంటే పాతది తల్లికే కదా. ఇచ్చే ముందు లోపల ఏదీ మిగలకుండా తుడిచేశాను, వైరస్‌లు ఉంటాయని. వైరస్‌లూ లేవు, నా మొహమూ లేదు. ఒడెరోతో సరస్సు ఒడ్డున దిగిన ఫోటోలు అమ్మ కంట పడకూడదని.

కంగారేం లేదు. నాన్నకి తేదీ మారిన సంగతి శనివారమే పంపేశాను. టిక్కు కూడా పడింది. పడినట్టే గుర్తు.

ఫిబ్రవరి 25, బుధవారం

పడిందా?

ఆ రోజు సెలూన్‌లో ఒకావిడకి సగం తల అల్లాను, చేతి నిండా జుట్టు, ఫోన్ ఒళ్లో ఉంది. "నాన్నా, వానలు మొదలైతే మన బాటలో పశువులు నడవలేవట. ఒడెరో వాళ్లు ఈస్టర్ దాకా ఆగరు. మార్చి 14 శనివారం వస్తున్నారు. నువ్వు ఉండాలి." ఇంతే రాశాను. బొటనవేలితో నొక్కాను. నెట్ అయిపోయిందన్న మెసేజ్ కూడా అప్పుడే వచ్చింది. నొక్కడానికి ముందా, తర్వాతా? ఆవిడ "నొప్పి, నొప్పి, మెల్లగా" అని అరుస్తుంటే ఎవరు చూశారు?

ఫోన్ చేసి కనుక్కుందామంటే ఏ నంబరుకి చెయ్యను! లారీ సరిహద్దు దాటితే నాన్న సిమ్ము మారుస్తాడు. ఉగాండాలో ఒకటి, జూబాలో ఇంకొకటి, కిగాలీలో మరొకటి. వాడినంత వాడి పారేస్తాడు. మారనిది ఆ ఖాతా ఒక్కటే. అది ఉంది కదా అని నా కొత్త నంబరు ఆయనకి మాత్రం చెప్పలేదు. ఒచోలా బాబాయితో పొలం గట్టు దగ్గర తగాదా అయినప్పుడు అమ్మ "పోనీలే, తమ్ముడే కదా" అంది. ఆ ఒక్క మాటకి ఇంట్లోంచి వెళ్లిపోయినవాడు మళ్ళీ గడప తొక్కలేదు. నాకు తప్ప ఇంకెవరికీ ఒక్క ముక్క రాయడు.

పెళ్లికి ఓలిగా పశువులొచ్చే రోజున ఇంటి పెద్ద కుర్చీలో తండ్రి ఉండాలి. లేకపోతే తండ్రి తమ్ముడు కూర్చుంటాడు. పశువుల్ని చూసి ఒప్పుకునేదీ అతనే, "అమ్మాయిని ఇచ్చాం" అని పదిమందిలో అనేదీ అతనే. ఒకసారి అన్నాక అన్నట్టే. మర్నాడు నాన్న వచ్చినా చుట్టంలా పక్కన కూర్చోవాల్సిందే.

రాకపోతే నాకేం? ఒడెరో నన్ను చేసుకుంటాడు గానీ మా నాన్నని కాదుగా.

ఫిబ్రవరి 26, గురువారం

పాత లైను కంపెనీ ఆఫీసుకి వెళ్లాను. టై కట్టుకున్న కుర్రాడు నంబరు కొట్టి చూశాడు.

"మేడమ్, మీరు చాలాకాలం వాడలేదు. వాడని నంబరు వేరేవాళ్లకి వెళ్లిపోతుంది."

"నాది నాకు తిరిగి ఇవ్వండి."

"అది ఇప్పుడు మీది కాదు మేడమ్."

"ఎవరిదో చెప్పండి."

"అది చెప్పకూడదు మేడమ్."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. పోనీలే, ఎవరిదో తెలుసుకోవడానికి వీడిని అడగడమెందుకు? ఆ నంబరుకే ఫోన్ చేస్తే సరి.

ఫిబ్రవరి 27, శుక్రవారం

చేశాను. ఎవరో ముసలావిడ ఎత్తింది. స్వాహిలిలో కంబా వాళ్ల యాస.

మర్యాదగా మొదలుపెట్టాను. "నమస్కారం అవ్వా, నా పేరు లిలియన్. మీరు వాడుతున్న నంబరు ఇదివరకు నాది. ఇప్పుడు మీకో మెసేజ్ వస్తుంది. అందులో ఆరంకెలుంటాయి. అవి కాస్త చదివి చెప్తారా?"

ఆవిడ చివరిదాకా వింది. తర్వాత మొదలైంది.

"ఏమే, పొద్దున్నే ముసలాళ్లని దోచుకోవడానికే కన్నదా మీ అమ్మ నిన్ను? మా కోడలు చెప్పింది, చర్చిలో పాదిరిగారూ చెప్పారు, అంకెలడిగినవాళ్లు దొంగలని. నా జుట్టు ఎండకి నెరిసిందనుకున్నావా?"

"అవ్వా, నేను దొంగని కాను."

"దొంగ ఎక్కడైనా దొంగనని చెప్పుకుంటుందా?"

పెట్టేసింది.

మళ్ళీ చేశాను. "ఇంకోసారి చేశావో, పోలీసులకి పట్టిస్తా" అంది. "పట్టించు, వాళ్లకైనా చదువొచ్చేమో, అంకెలు చదువుతారు" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 28, శనివారం

ఊరెళ్లాను. ఏర్పాట్లట. బాబాయి అప్పుడే నాన్న కుర్చీ పక్కన తచ్చాడుతున్నాడు. "ఊరికే, గట్టిగా ఉందో లేదో చూద్దామని" అంటూ కూర్చోబోయాడు. అమ్మ వంటింట్లోంచి గబగబా వచ్చి కుర్చీ మీది తెల్లని అల్లిక గుడ్డ లాగేసింది.

"మాసిపోయింది. ఉతకాలి."

"వదినా, కూర్చున్నాక ఉతుక్కోవచ్చుగా."

"మాసిన కుర్చీలో పెద్దమనిషి కూర్చుంటాడా మరిదీ?"

బాబాయి నిలబడే టీ తాగాడు. అమ్మ ఆ గుడ్డని తీగ మీద ఆరేసింది. అది మాసిపోలేదు, నేను చూశాను.

వచ్చేటప్పుడు గేటు దగ్గర, "మీ నాన్నకి చెప్పావా తేదీ?" అంది, నావైపు చూడకుండా.

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"వస్తానన్నాడు."

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. ఇప్పుడు నిజంగానే రావాలి.

మార్చి 1, ఆదివారం

చర్చిలో పాదిరి కూడా అదే చెప్పాడు, అంకెలు ఎవరికీ చెప్పొద్దని. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు.

మార్చి 2, సోమవారం

సెలూన్ మూసి కూర్చుని ఖాతావాళ్ల ప్రశ్నలకి జవాబులు రాశాను. ఖాతా ఏ నెలలో తెరిచారు? ఏమో. పాత పాస్‌వర్డ్ ఏది? ఏ పాతది? మీరు ఎక్కువగా ఎవరికి రాస్తారు? మా నాన్నకి. అన్నీ పంపాక కొంతసేపు గిర్రున తిరిగి, "ఈ ఖాతా మీదేనని మాకు నమ్మకం కుదరలేదు" అంది. మళ్ళీ పంపాను. మళ్ళీ అదే. నన్ను నేను కానని ఇంత మర్యాదగా ఇంకెవరూ చెప్పలేరు.

కొత్త ఖాతా తెరిచి నాన్నకి రాశాను. పోలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ల సందేశాలు ఆయన దాకా వెళ్లకుండా పోయినసారి కిసుము వచ్చినప్పుడు నేనే కట్టడి పెట్టిచ్చాను. "నాన్నా, లోకం నిండా మోసగాళ్లే" అన్నాను. "నీకున్న తెలివి మీ అమ్మకి లేదు" అని మురిసిపోయాడు.

తెలివి!

మార్చి 4, బుధవారం

ఒడెరో ఫోన్ నుంచి ముసలావిడకి చేశాను. నా నంబరైతే ఎత్తదు.

"మళ్ళీ నువ్వేనా? గొంతు గుర్తుపట్టాను. మీ ముఠాలో ఎంతమందే? పోయిన వారం రోజు విడిచి రోజు ఒక మగవాడు కూడా చేసేవాడు. 'మా అమ్మాయికి ఇవ్వండి' అంటాడు. ఆ ఎత్తు కూడా నాకు తెలుసు. ముందు అమ్మాయి అంటారు, తర్వాత అమ్మాయికి ఒంట్లో బాగాలేదంటారు, ఆ తర్వాత సాయం పంపమంటారు. ఆ పప్పులు నా దగ్గర ఉడకవు."

"నా ముఠాలో నేనొక్కదాన్నే అవ్వా. మీ కాళ్లు పట్టుకుంటాను. ఆరంకెలే."

"ఫోన్‌లో నా కాళ్లెలా పట్టుకుంటావు? నిజంగా మనిషివైతే మ్వింగికొచ్చి పట్టుకో. బస్సు దిగి కలేక్యే ఇల్లేదని అడిగితే చిన్నపిల్లాడు కూడా చూపిస్తాడు, చర్చి వెనకాల ఇల్లు. నీకంత ధైర్యమేదిలే!"

పెట్టేసింది. పక్కనున్న ఒడెరో పడీ పడీ నవ్వాడు. ఈవిడని మన పెళ్లికి పిలుద్దాం అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇతని తండ్రి ఇతని ఇంట్లోనే ఉన్నాడు, రోజూ కనపడతాడు, తిడతాడు కూడా. నవ్వడానికేం?

మార్చి 5, గురువారం

లారీలు ఆగేచోట నాన్న పేరు చెప్పి అడిగాను. ఒబురా జూబా దారిలో ఉంటాడన్నాడొకడు. కాదు గోమా దారి అన్నాడు ఇంకొకడు. నంబరుందా అంటే ఇద్దరూ చెరొకటి ఇచ్చారు. రెండూ మోగలేదు.

మార్చి 6, శుక్రవారం

నాకేం అక్కర్లేదు. వస్తే వస్తాడు.

మార్చి 7, శనివారం

ఇంకో శనివారం వచ్చేసరికి అయిపోతుంది. బాబాయి కొత్త కోటు కుట్టించుకున్నాడని అమ్మ చెప్పింది. నాన్నకి ఏ రంగు చొక్కా ఇస్త్రీ చెయ్యాలో కూడా అడిగింది. నీలం అన్నాను. ఆ చొక్కాని ఇన్నాళ్లూ మడిచి ఎక్కడ దాచిందో ఈవిడ.

మ్వింగి అంటే దగ్గరా? దేశం ఈ చివర నుంచి ఆ మధ్యకి. పిచ్చి కాకపోతే ఎవరెళ్తారు?

మార్చి 8, ఆదివారం

రేపు వెళ్తున్నాను. సోమవారం సెలూన్ ఎలాగూ మూతే.

మార్చి 10, మంగళవారం, నైరోబీ బస్సు స్టాండ్

ఇప్పుడే రాస్తాను. రాయకపోతే ఇక్కడే ఎవరి మీదైనా అరిచేస్తాను.

నిన్నంతా నైరోబీ దాకా బస్సు, అక్కడ పిన్ని కూతురింట్లో పడుకుని పొద్దున్నే మళ్ళీ బస్సెక్కాను. దిగి కలేక్యే అంటే నిజంగానే చూపించారు. ఎండ మాడ్చేస్తోంది. చర్చి వెనక రేకుల ఇల్లు. అరుగు మీద ముసలావిడ చాటలో కందికాయలు ఒలుస్తూ కూర్చుంది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా దొంగవి?"

"నేనే అవ్వా."

"బక్కగా ఉన్నావే! గొంతు విని బండలా ఉంటావనుకున్నా." చాట నావైపు తోసింది. "కూర్చుని ఒలువు. దొంగలకి పని చేతకాదు, చూద్దాం."

ఒలిచాను. జుట్టు అల్లే వేళ్లు, కందికాయలు ఒక లెక్కా? ఆవిడ నా చేతులవైపే చూసింది. తర్వాత లేచి నీళ్లు తెచ్చింది, మొక్కజొన్నలూ చిక్కుళ్లూ కలిపి ఉడికించినది గిన్నెలో పెట్టింది. తినమంది. తిన్నాను. పొద్దుటి నుంచి ఏమీ లేదు.

"ఇంత దూరం పడి వచ్చావంటే అందులో ఏముందే? బంగారమా?"

"మా నాన్న ఉన్నాడు."

చెప్పాను. లారీ, సరిహద్దులు, సిమ్ములు, శనివారం, కుర్చీ, బాబాయి, అన్నీ. కందికాయలు ఒలుస్తూనే చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపింది.

"మీవాళ్లలో తండ్రిని బిడ్డ పేరుతోనే పిలుస్తారుగా? బాబా లిలియన్ అనే అంటారా మీ నాన్నని?"

"లిలియన్ బడి పేరు అవ్వా, కాగితాల మీది పేరు. ఇంట్లో నేను అవూర్‌ని. ఆయన బాబా అవూర్."

ఆవిడ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"అయ్యో దేవుడా" అంది.

నాకు అప్పటికీ అర్థం కాలేదు. ఎంత మొద్దుదాన్ని!

"బాబా అవూర్‌ని మాట్లాడుతున్నా, అవూర్‌కి ఇవ్వండి. అదే మాట, రోజు విడిచి రోజు. రకరకాల నంబర్ల నుంచి చేసేవాడు. దొంగ కాకపోతే ఇన్ని నంబర్లెందుకు అనుకున్నా. తిట్టేదాన్ని. అన్నీ విని, 'క్షమించమ్మా, ఈ నంబరు నేనే కొనిచ్చాను మా పిల్లకి, బడి చదువు అయినప్పుడు. నాకు నోటికొచ్చే నంబరు ఇదొక్కటే' అనేవాడు. మర్యాదస్తుడు. అందుకే ఇంకా పెద్ద దొంగనుకున్నా."

"అవ్వా, చివరిసారి ఏం చెప్పారు?"

తలెత్తలేదు.

"విసుగొచ్చింది. ఈ పీడ వదలాలని, 'ఆ పిల్లకి పెళ్లయిపోయింది, మొగుడితో వెళ్లిపోయింది, ఇంక చెయ్యకు' అన్నా. మంచిదమ్మా, అన్నాడు. మళ్ళీ చెయ్యలేదు."

ఆ చాట ఎత్తి ఆవిడ నెత్తిన కొట్టాలనిపించింది. దాచుకోను, అనిపించింది. మర్యాదగా ఉంటుందని మొదటిరోజే కాగితాల పేరు చెప్పిన నా నోటి మీద కూడా కొట్టుకోవాలనిపించింది. అవూర్ అని ఒక్క ముక్క అని ఉంటే ఫోన్‌లోనే తేలిపోయేది.

కోడ్ పంపమని నొక్కాను. ఆవిడ ఫోన్ కుయ్యిమంది. దాన్ని దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి, ఒక్కొక్క అంకె చదివింది. ఒకటి చదివి నా మొహం చూడటం, మళ్ళీ ఇంకొకటి. ఆరోది చదివేటప్పుడు, "తప్పు చదివానేమో, మళ్ళీ చదవనా?" అంది. తప్పు లేదు. తెరుచుకుంది.

శనివారం రాసింది అక్కడే ఉంది. పక్కన ఎర్ర గుర్తు. పోలేదు. అసలు పోనేలేదు.

కింద నాన్నవి వరసగా ఉన్నాయి. "ఈస్టర్‌కి ఏ రోజో చెప్పు, ముందే ఓనరుకి చెప్పుకుంటా." "ఫోన్ ఎవరో పెద్దావిడ ఎత్తుతోంది. నువ్వు బాగున్నావా?" "రెండు రోజులుగా చూస్తున్నా." "అమ్మా అవూర్."

ఆఖరుది: "పెళ్లయిందని తెలిసింది. చాలా సంతోషం. అబ్బాయిని బాగా చూసుకో. నేను లేకపోతే ఏం, బాబాయి ఉన్నాడుగా."

అక్కడే అరుగు మీద ఏడ్చాను. ముసలావిడ దగ్గరికి రాలేదు. చాట ముందు పెట్టుకుని ఒలుస్తూనే ఉంది. ఆవిడ కూడా ముక్కు చీదుకుంది.

నాన్నకి రాశాను. కాలేదు నాన్నా, అబద్ధం, శనివారం, నువ్వే ఉండాలి, నువ్వే. ఒక్క టిక్కు పడింది. ఈసారి కళ్లు పెద్దవి చేసి చూశాను. ఒక్కటే.

వచ్చేటప్పుడు కలేక్యే అవ్వ నా నంబరు తన ఫోన్‌లో ఎక్కించమంది. ఏ పేరుతో అంటే, "అవూర్ అనే. ఇంకే పేరూ చెప్పకు నాకు" అంది. మూటగట్టి కందులు ఇచ్చింది. వద్దనడానికి నోరు రాలేదు.

మార్చి 11, బుధవారం

ఒక్క టిక్కే.

మార్చి 12, గురువారం

జుట్టు కడుగుతూ చూశాను, అల్లుతూ చూశాను, తింటూ చూశాను. "ఆ ఫోన్‌ని పెళ్లి చేసుకో, నన్నెందుకు" అన్నాడు ఒడెరో. దగ్గరుంటే చేతిలోని దువ్వెన విసిరేదాన్ని. తర్వాత మళ్ళీ ఫోన్ చేసి, మీ నాన్న రాకపోతే మా తాతని ఆపి తేదీ మార్పిస్తాను అన్నాడు. వానలు మొదలైపోయాయి, ఎలా ఆపుతాడు? ఆ మాట అన్నందుకు మాత్రం ఏడుపొచ్చింది.

ఒక్క టిక్కే.

మార్చి 13, శుక్రవారం

మధ్యాహ్నం ఊళ్లో ఉన్నాను. ఉల్లిపాయలు కోస్తుంటే ఫోన్ మోగింది. చివర నలభై ఏడు.

"అవూర్? విను. మళ్ళీ చేశాడు!"

"ఎవరు? నాన్నా?"

"ఇంకెవరు? మలబా సరిహద్దులో లారీల వరసలో ఇరుక్కున్నాడట. ఫోన్ నీళ్లలో పడి చచ్చిందట, ఎవరిదో అడిగి చేశాడు. ఎత్తగానే, 'అమ్మా, తిట్టకండి, ఒక్కమాట అడిగి పెట్టేస్తా' అన్నాడు. ఏమడిగాడో తెలుసా?"

"ఏమడిగాడు?"

"'మా అల్లుడు తాగుతాడా?' అని. మీకు తెలిసుంటుందేమో అమ్మా, పెళ్లయిందని మీరే చెప్పారుగా, ఆ ఒక్కటీ చెప్పండి, నిద్ర పట్టడంలేదు అన్నాడు."

ఉల్లిపాయలు నయం. ఏడుపెందుకని ఎవరూ అడగలేదు.

"మీరేం చెప్పారు అవ్వా?"

"ఏం చెప్తాను? నోటికొచ్చినట్టు తిట్టాను. కూతురికి పెళ్లెప్పుడో తెలియదు, అల్లుడి సంగతి నన్నడుగుతావా? రేపే పశువులొస్తున్నాయి, నీ కుర్చీలో నీ తమ్ముడు కూర్చుంటాడు, నువ్వక్కడ లారీలు లెక్కపెట్టుకో అన్నాను. పెళ్లయిందన్నది నా అబద్ధం, అది నా నెత్తిన వెయ్యి, పిల్ల నెత్తిన వెయ్యకు అన్నాను. వింటున్నావా అంటే పలకడు. ఫోన్ పెట్టేశాడేమో అనుకున్నా. ఏడుస్తున్నాడు."

"వస్తానన్నాడా?"

"ఏమీ అనలేదు. ఫోన్ ఇచ్చినవాడు లాక్కున్నట్టున్నాడు."

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. ఎవరు అంది. చెప్పేశాను, అన్నీ, వస్తానన్నాడని నేనాడిన అబద్ధంతో సహా. అమ్మ బయటికెళ్లి తీగ మీది అల్లిక గుడ్డని బకెట్‌లో మళ్ళీ ముంచింది. తడి గుడ్డని తెచ్చి కుర్చీ మీద పరిచింది.

మార్చి 15, ఆదివారం

నిన్న రాయడానికి తీరికేదీ? ఇప్పుడు రాస్తాను.

ఒడెరో తాత ముందు, పశువులు వెనక, వాటి వెనక ఆడవాళ్ల పాటలు. బాటలో అప్పుడే బురద. గేటు దగ్గర పలకరింపులయ్యాయి. లోపలికొచ్చారు. అందరూ కూర్చున్నారు, ఒక్క కుర్చీ తప్ప. బాబాయి కోటు సర్దుకుని అటు నడిచాడు. చేత్తో తడిమి చూసి ఆగాడు.

"వదినా, ఇదేంటి ఇంకా తడిగా ఉంది?"

"ఎండ లేదు మరిదీ. కాసేపు ఆగు."

"పెద్దవాళ్లు ఎదురుచూస్తున్నారు."

"చూడనీ."

ఒడెరో తాత కళ్లు మూసుకుని దగ్గాడు. ఎవరో గొణిగారు. బాబాయి మొహం ఎర్రబడింది. తడైతే తడే అని వంగబోయాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు, గేటు దగ్గర మోటారుసైకిల్ చప్పుడైంది.

నాన్న మోకాళ్ల దాకా బురద. నూనె మరకల చొక్కా. లారీ తాళాలు వరసలో ఎవరికో అప్పగించి సందులన్నీ పడి వచ్చాడట. గేటు బయటే ఆగిపోయాడు. గడప తొక్కనన్న మనిషి కదా. అందరూ ఆయనవైపే చూస్తున్నారు.

అమ్మ వెళ్లింది. ఇస్త్రీ చేసిన నీలం చొక్కా చేతిలో ఉంది. "ఇంత ఆలస్యమా? లోపలికి రా, చొక్కా మార్చుకో" అంది. పొద్దున బజారుకెళ్లి వచ్చినవాడితో అన్నట్టే అంది. నాన్న వచ్చాడు.

తడి గుడ్డ అమ్మే తీసేసింది. కింద ప్లాస్టిక్ కాగితం పరిచి ఉంచింది, కుర్చీ పొడిగానే ఉంది. నాన్న కూర్చున్నాడు. బాబాయి పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, "అన్నయ్యా, బాగున్నావా" అన్నాడు. నాన్న తల ఊపాడు. అంతకన్నా ఎక్కువ ఆశించకూడదు.

ఒడెరో తాత గొంతు సర్దుకుని మొదలుపెట్టబోతే నాన్న చెయ్యెత్తి ఆపాడు. నేరుగా ఒడెరో మొహంలోకి చూశాడు.

"నువ్వు తాగుతావా?"

అంతమందిలో! ఒడెరో తెల్లబోయాడు. "లేదండి" అన్నాడు.

"ఎప్పుడూ?"

"క్రిస్మస్‌కి కొంచెం."

నాన్న నావైపు చూశాడు. వచ్చినప్పటి నుంచి నావైపు చూడటం అదే మొదలు. నేను తల ఊపాను, కొంచెమే అని. అప్పుడు నవ్వాడు. పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. "అయితే మా అవూర్‌ని ఇస్తాం" అన్నాడు. గొంతు మధ్యలో తెగింది. ఆడవాళ్లు పాట ఎత్తుకోకపోతే ఇద్దరం అందరి ముందూ ఏడ్చేవాళ్లం. పాటలో కలిసిపోయింది.

మార్చి 17, మంగళవారం

నాన్న నిన్న వెళ్లిపోయాడు. నా పాత ఫోన్ అమ్మ ఆయనకిచ్చేసింది. "మీ అమ్మ నంబరు కూడా ఎక్కించు" అన్నాడు, అదేదో పెద్ద పని కాదన్నట్టు. ఎక్కించాను. "నీ కొత్త నంబరు కూడా నోటికి నేర్చుకోవాలి, వయసు మీద పడింది, ఎప్పటికొస్తుందో" అన్నాడు. దారిపొడవునా దాన్నే గొణుక్కుంటూ వెళ్లాడు.

సాయంత్రం ఖాతా తెరిచాను. నిన్నటి నుంచి రెండు టిక్కులు పడుతున్నాయి. పైన ఏదో పెట్టె కనిపించింది. "మీ భద్రత కోసం: చివర 47 ఉన్న నంబరు ఇంకా మీదేనా?" కింద రెండు మీటలు. అవును. కాదు, మార్చాలి.

ఒడెరో పక్కనే ఉన్నాడు. "మార్చెయ్, ఇంకోసారి మ్వింగి పరిగెత్తుతావా?" అన్నాడు. నిజమే, మార్చాలి. బుద్ధున్నవాళ్లెవరైనా మారుస్తారు.

నాన్న ఫోన్ మళ్ళీ ఏ నీళ్లలోనైనా పడొచ్చు. నా కొత్త నంబరు ఆయన నోటికి రాకపోవచ్చు. అప్పుడు దేనికి చేస్తాడో నాకు తెలుసు, ఎవరు ఎత్తుతారో కూడా తెలుసు.

అవును అని నొక్కాను.